మురుగులో బంతి భోజనం

రోజూ హైదరాబాద్ అంబర్‌పేటలో మూసీ వంతెన దాటి కాలేజీకి వెళ్లే ఒక పాఠకురాలు అడిగారు: "అంత మురుగునీటిని బాగుచేయడానికి ఏం మందు కలుపుతారండీ?"

అసలు పని చేసేది మందు కాదమ్మా, సూక్ష్మజీవుల ఆకలి!

మూసీ అనంతగిరి కొండల్లో పుడుతుంది. దాని నీళ్లను గండిపేట చెరువు, ఉపనది ఈసీ నీళ్లను హిమాయత్‌సాగర్ చెరువు నగరానికి ఎగువనే పట్టేస్తాయి. అందుకే ఎండాకాలంలో నగరం దాటాక నదిలో పారేది చాలావరకు మనం వాడి వదిలినదే. అందులో రోజుకు 33.9 కోట్ల లీటర్లను శుద్ధి చేసే సామర్థ్యంతో అంబర్‌పేట ప్లాంటు కట్టారు. జాలీలు, ఇసుక తొట్ల సంగతి వదిలేస్తాను. నా మనసంతా వాటి తర్వాతి యూఏఎస్‌బీ తొట్ల మీదే (గాలి తగలని బురద దుప్పటిలోంచి మురుగును పైకి పంపే తొట్లని ఆ పొడి అక్షరాల అర్థం). వీటిలో మురుగు అడుగునుంచి గంటకు మీటరుకు మించని నడకతో పైకి లేస్తుంది. దారిలో నల్లటి బురద దుప్పటి. గాలి సోకదు. మన గోబర్ గ్యాస్ తొట్టికి దగ్గరి చుట్టం. 1970లలో నెదర్లాండ్స్‌లో లెట్టింగా బృందం రూపొందించిన ఈ పద్ధతికి చలి పడదు, మన ఎండ బాగా నచ్చుతుంది.

ఆ బురదలో జరిగేది బంతి భోజనం. మొదటి బంతి పిండి, నూనె, మాంసకృత్తులను చిన్న ముక్కలు చేస్తుంది. రెండో బంతి వాటిని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తుంది. చిక్కంతా మూడో బంతిలో. ప్రొపియోనేట్ అనే ఆమ్లాన్ని ఎసిటేట్‌గా విరిస్తే హైడ్రోజన్ మిగులుతుంది. ప్రామాణిక పరిస్థితుల్లో ఈ చర్యకు మోల్‌కు 76 కిలోజౌళ్లు ఎదురు పెట్టాలి. తిండి తింటే బలం రావాలి గానీ పోతే ఎలా? హైడ్రోజన్ పీడనం వాతావరణ పీడనంలో సుమారు పదివేలవ వంతుకు పడిపోతే మాత్రం లెక్క తిరగబడి శక్తి చేతికొస్తుంది. అంటే ఎంగిలి విస్తరి ఎప్పటికప్పుడు ఎత్తేస్తేనే వీళ్లకు ముద్ద దిగుతుంది. ఎత్తేది నాలుగో బంతి, మీథేన్ చేసే ఆర్కియాలు (బ్యాక్టీరియాలా కనిపించే మరో జాతి సూక్ష్మజీవులు). ఆ ఎంగిలే వాటికి విందు! అవి ఒక్కపూట నీరసిస్తే హైడ్రోజన్ పేరుకుంటుంది, ఆమ్లం నిలిచిపోతుంది, ఆ పులుపుకు ఆర్కియాలు ఇంకా నీరసిస్తాయి, చివరికి తొట్టి మొత్తం పులిసిపోతుంది.

అందుకే ఒకరినొకరు అంటిపెట్టుకుని కూర్చుంటారు. చక్కెర మిల్లుల మురుగును శుద్ధి చేసే ఇలాంటి తొట్లలో ఈ కాపురం ఆవగింజంత నల్ల గింజగా గట్టిపడుతుంది. అరచేతిలో వేసుకుంటే గుండ్రంగా, జారుతూ ఉంటుంది. పల్చటి ఊరి మురుగులో ఎక్కువగా మెత్తటి తునకలుగానే ఉండిపోతుంది.

చిత్తడి నేలల్లో రాత్రిపూట కనిపించే వెలుగును కొరివి దెయ్యమని చెప్పి పిల్లల్ని బెదిరిస్తాం. అలాంటి బురద నుంచి లేచే బుడగల్నే ఇటలీ శాస్త్రవేత్త వోల్టా 1776లో పట్టి, అవి మండే వాయువని చూపించాడు. మన ఆర్కియాలు చేసే మీథేనే అది. తరగతిలో ఈ కథ చెప్పండి, సూక్ష్మజీవి అనగానే రోగం గుర్తొచ్చే అలవాటు పోతుంది.

ఈ బంతి అమ్మోనియాను, ఫాస్ఫేట్‌ను ముట్టదు. తర్వాతి చెరువుల్లో గాలి కొట్టినా అవి చాలావరకు మిగిలే ఉంటాయి. మూసీలో గుర్రపుడెక్క అంత ఏపుగా పెరిగేది వీటివల్లే. దిగువన కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) నుంచి కాలువలు ఈ నీటిని వరికి, పారాగడ్డికి అందిస్తాయి. ఆ గడ్డి మోపులు నగరంలోని గేదెల కొట్టాలకు చేరతాయి. మురుగులోని నత్రజనిలో కొంత అలా పాలై మళ్లీ మన గుమ్మంలోకి వస్తుంది.