అవ్వ ఎందుకు విప్పించిందంటే

కర్నూలు,
కార్తీక మాసం, ఆదివారం రాత్రి.

మా వీధి పిల్లలందరికీ,

అవ్వ ఆశీస్సులు. పొద్దున మీరు వృద్ధాశ్రమం దుప్పట్లకని 11 ఊలు ముక్కలు అల్లుకొని వస్తే నేను తొమ్మిది విప్పించినాను. ఒకటి సరిగ్గా ఉందని పక్కన పెట్టినాను. పదకొండోదాని సంగతి చివర్లో చెప్తా. మెట్లు దిగేటప్పుడు మీలో ఒకరు "ఈ ముసలామెకు ఏదీ నచ్చదబ్బా" అనింది వినబడింది. నా మోకాళ్లు పోయినాయి గానీ చెవులు పోలేదు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్తే ఫోను చూసుకుంటూ ఊఁ కొడతారు. అందుకని రాసి పంపిస్తున్నా, ఒకరు చదవండి, మిగతావాళ్లు వినండి.

విప్పడమంటే మీరు గోడ కూలగొట్టినట్టు అనుకుంటున్నారు. మగ్గం బట్టకైతే ఆ బాధ నిజమే. మన పక్కన ఎమ్మిగనూరు ఉంది కదా, అక్కడ మాచాని సోమప్పగారు 1938లో చేనేతవాళ్ల సహకార సంఘం పెట్టినారు. ఆ ఊళ్లో ఎవరింట్లోనైనా మగ్గం చూడండి. పడుగు దారాలు నిలువుగా వందలకొద్దీ బిగించి ఉంటాయి, నాడె అటూ ఇటూ పోతూ పేక దారాన్ని అడ్డంగా వేస్తుంది. అట్లా నేసిన గుడ్డను కత్తిరించినారంటే దారాలు పోగులు పోగులుగా ఊడి వస్తాయి, ఇంక దేనికీ పనికి రావు. ఊలు అల్లికలో పడుగూ లేదు, పేకా లేదు. మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా ఒకటే దారం, ఒక మెలికలోంచి ఇంకో మెలికను లాగుకుంటూ పోవడమే. అందుకే స్వెట్టరు సాగుతుంది, చీర సాగదు. అందుకే ఒక్క కుట్టు సూది మీదనుంచి జారితే కింది దాకా నిచ్చెన మాదిరి ఊడిపోతుంది. కొస పట్టుకొని లాగితే మొత్తం మళ్లీ ఉండ అవుతుంది. పైసా నష్టం లేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్లలో పుట్టినదాన్ని నేను. ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజులంట, నాకు గుర్తులేదు. నాకు గుర్తున్నది మా అమ్మ ఊలు. ఒకే ఊలుతో మా అన్నకు, తరవాత నాకు, ఆ తరవాత తమ్ముడికి స్వెట్టరు అల్లేది. పిల్ల ఎదిగితే విప్పేది, చాలకపోతే ఇంకో రంగు కలిపేది. విప్పిన ఊలు వంకీలు వంకీలుగా ఉంటుంది కదా, దాన్ని కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో ముంచి నీడలో ఆరేసేది. తెల్లారేసరికి వంకీలు పోయి కొత్తదాని మాదిరి ఉండేది. 1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు దేశమంతా ఆడవాళ్లు జవాన్లకు స్వెట్టర్లు అల్లినారు. మా అమ్మ కూడా అల్లింది. ఆ చలికాలం మా ముగ్గురికీ స్వెట్టర్లు లేవు. కర్నూల్లో చలి ఎంతలే, మార్గశిరం, పుష్యం రెండు నెలలు, పొద్దెక్కితే అదీ ఉండదు. అయినా నేను అలిగినాను.

ఇప్పుడు మీ ముక్కల సంగతి. మనం అనుకున్నది ఆశ్రమంలో ఉన్న ముసలివాళ్లకు ఒడి మీద కప్పుకునే దుప్పట్లు. ముక్క 20 సెంటీమీటర్లు చదరం. అడ్డం ఐదు, నిలువు ఆరు, మొత్తం 30 ముక్కలు కలిపితే 100 సెంటీమీటర్ల వెడల్పు, 120 పొడవు. అందరికీ అదే ఊలు ఇచ్చినాను, బుడ్డోడికి తప్ప అందరికీ ఎనిమిది నంబరు సూదులే ఇచ్చినాను, అందరికీ 44 కుట్లే ఎక్కించమన్నాను. వచ్చిందేమిటి? ఒకరిది 22 సెంటీమీటర్లు, ఇంకొకరిది 17! కళ్లద్దాల పిల్ల "నేను లెక్క తప్పలేదవ్వా" అని ఏడుపు ముఖం పెట్టింది. నిజమే తల్లీ, నువ్వు లెక్క తప్పలేదు. తేడా చేతి బిగువులో ఉంది. కొందరు దారాన్ని పీక పట్టుకున్నట్టు పట్టుకుంటారు, 10 సెంటీమీటర్లలో 26 కుట్లు ఇరుక్కుంటాయి. కొందరు చేతిని వదిలేస్తారు, అదే జాగాలో 20 కుట్లే పడతాయి. ఆ ఎనిమిది నంబరు సూదితో, ఈ ఊలుతో 22 పడితే మన కొలత సరిపోతుంది.

చేతిని మార్చుకోవద్దు. అది నడక మాదిరి, ఎవరిది వాళ్లకే. సూది మార్చండి. మన అంగళ్లలో దొరికే సూదుల నంబర్లు తలకిందులుగా ఉంటాయి, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. ఎనిమిది అంటే 4 మిల్లీమీటర్లు, పది అంటే 3.25, ఆరు అంటే 5. బిగువు చెయ్యి వాళ్లు ఆరు తీసుకోండి, వదులు చెయ్యి వాళ్లు పది తీసుకోండి. ముందు అరచేయంత అల్లి, స్కేలు పెట్టి, 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఈ అరచేయంత అల్లడానికే అందరికీ బద్ధకం. నాకూ బద్ధకమే, చెప్తే తప్పేముంది.

"కొంచెం ఎక్కువతక్కువైతే ఏమవ్వా, ఊరికే ఇచ్చేదే కదా" అని మీలో పెద్దోడు అన్నాడు. పొద్దున నాకు కోపం వచ్చింది ఆ మాటకే.

2009 అక్టోబరు 2. గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినాయి. మీరు పుట్టలేదు, మీ అమ్మానాన్నలను అడగండి. మా ఇంట్లో కింది గదిలో నీళ్లు కప్పును తాకినాయి, మేము మిద్దె ఎక్కి కూర్చున్నాము. నీళ్లు తీసినాక మోకాలి లోతు బురద. అప్పుడు ఎక్కడెక్కడినుంచో లారీల్లో బట్టలు వచ్చినాయి. పంపినవాళ్లు మంచి మనసుతోనే పంపినారు, కాదనను. మా వంతుకు వచ్చిన మూటలో మీ తాతకు ఒక సూటు కోటు, నాకు బొత్తాలు లేని చొక్కా ఒకటి, ఒంటి కాలి మేజోడు. మాకు కావలసింది ఒక్క పొడి దుప్పటి. తాత ఆ కోటు వేసుకొని బురద ఎత్తిపోసినాడు. నవ్వుకున్నాం గానీ, చెయ్యి చాచి తీసుకున్నప్పుడు లోపల ఎట్లుంటుందో ఆ రోజు తెలిసింది. "ఊరికే ఇచ్చేదే కదా" అన్న మాట ఆ మూటలోనే ఉండింది.

అంత తెలిసీ నేనూ అదే పని చేసినాను, వినండి. ఆరేడేళ్ల కింద ఒక ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకని 20 టోపీలు అల్లి తీసుకుపోయినాను. ఎవరినీ అడగలేదు. గులాబి రంగు ఊలు, నెత్తిన బొచ్చు ఉండ, పక్కన పూసల బొత్తాం, చూడ ముచ్చటగా ఉన్నాయి. అక్కడి సిస్టరమ్మ ఒక్కొక్కటే తిప్పి చూసి, "అమ్మా, ఇవి బొమ్మలకు బాగుంటాయి" అనింది. అవమానంగా అనిపించింది. కానీ ఆమె కూర్చోబెట్టి చెప్పిన ప్రతి మాటా నిజం. అప్పుడే పుట్టిన బిడ్డకు తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది, అందుకే తలనుంచి వేడి బాగా పోతుంది. నెలలు నిండని బిడ్డకు చర్మం కింద కొవ్వు అంతగా ఉండదు కాబట్టి ఇంకా తొందరగా చల్లబడుతుంది. టోపీ కావాలి, నిజమే. కానీ నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత 34 సెంటీమీటర్ల దగ్గర ఉంటే, రెండు నెలల ముందు పుట్టిన బిడ్డకు 30 కూడా ఉండదు. నా టోపీలు ముక్కు మీదికి జారతాయి. బొత్తాం ఊడితే నోట్లోకి పోతుంది. బొచ్చు ఊలు పోగులు ముక్కులోకి పోతాయి. చిల్లుల అల్లికలో ఇంత చిన్న వేలు ఇరుక్కుంటుంది. వేడినీళ్లలో ఉతికితే నా గులాబి రంగు దిగిపోతుంది.

20 టోపీలూ ఇంటికి తెచ్చి విప్పినాను. ఈసారి నూలు దారంతో, ఏ అలంకారమూ లేకుండా, తల కొలతకన్నా రెండు మూడు సెంటీమీటర్లు తక్కువకే అల్లినాను. సాగుతుంది కదా, అట్లయితేనే తలను అంటిపెట్టుకుంటుంది. ఆమె అన్నీ తీసుకొని, మళ్లీ ఎప్పుడు తెస్తావమ్మా అని అడిగింది.

అందుకే ఆశ్రమానికి ముందే పోయి అడిగి వచ్చినాను. వాళ్లు చెప్పింది మూడే మాటలు: బరువు ఉండకూడదు, వాషింగ్ మిషన్లో వేసినా చెడకూడదు, కాలికి తట్టుకునే జాలర్లు వద్దు. అందుకే ఈ యాక్రిలిక్ ఊలు తెచ్చినాను. అసలు గొర్రె ఊలు వెచ్చదనానికి మేలే గానీ మిషన్లో వేస్తే కుంచించుకుపోతుంది. మన అనంతపురం వైపు కురుబవాళ్లు నేసే నల్ల కంబళి వానకూ చలికీ గొర్రెల కాపరికి గొడుగు లాంటిది, కానీ ఎనభై ఏళ్ల ఒంటికి గరుకు. ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. యాక్రిలిక్ వేడికి కరిగి అంటుకుంటుంది, పొయ్యి మీద గిన్నె దించే మసిగుడ్డ దానితో అల్లితే చెయ్యి కాలుతుంది. దానికి నూలే.

మీరు ఫోన్లో చూపించిన క్రోషా (కొక్కెం ఉన్న ఒకే సూదితో అల్లేది) ఆక్టోపస్ బొమ్మ కూడా అంతే. 2013లో డెన్మార్క్‌లో మొదలైంది. నెలలు నిండని బిడ్డ పక్కన పెడితే ఆ కాళ్లను పట్టుకొని, గొట్టాలు పీకకుండా ఉంటుందని చెప్తారు. వినడానికి బాగుంది, శాస్త్రంగా రుజువైన మాట కాదు. అల్లేముందు ఆసుపత్రి వాళ్లను అడుగుదాం. వద్దంటే మీ తమ్ముళ్లకు ఆడుకోవడానికి అల్లుకోండి, అందులో ఏం తక్కువ?

మన రాష్ట్రంలోనే ఉన్న సంగతి ఒకటి చెప్తా. నరసాపురం వైపు ఆడవాళ్లు తరాలుగా క్రోషా లేసు అల్లుతున్నారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేజోళ్లు అల్లే యంత్రాన్ని విలియం లీ అనే ఆయన ఇంగ్లండులో 1589లోనే చేసినాడు. కొక్కెం సూది పనిని మాత్రం అచ్చంగా చేసే యంత్రం ఫ్యాక్టరీల్లోకి ఇప్పటికీ రాలేదు. అంటే బజారులో వంద రూపాయలకు కనబడే క్రోషా టోపీ కూడా ఎవరో ఒక మనిషి కూర్చొని అల్లిందే. ఆ వందలో ఆమె చేతికి ఎంత వచ్చి ఉంటుందో మీరే లెక్క వేసుకోండి. మనకు ఇది ఆదివారం ఆట, ఆమెకు కూలి. బేరమాడేటప్పుడు అది గుర్తుకు రావాల.

అల్లేది ఆడపిల్లల పని అని ఎవడో వెక్కిరించినాడంట. మగ్గం గుంటలో కూర్చునే వాళ్లలో ఎక్కువమంది ఎవరు, ఎమ్మిగనూరు పోయి చూసి రమ్మను. ఒకప్పుడు యూరపులో మేజోళ్లు అల్లే సంఘాలు నడిపిందీ మగవాళ్లే.

నలుగురూ కలిస్తే ఎంతవుతుందో కూడా చెప్పాల. 2016 జనవరిలో చెన్నైలో మన దేశం నలుమూలల ఆడవాళ్లు అల్లిన క్రోషా ముక్కలు కలిపి పరిచినారు. 11,148.5 చదరపు మీటర్లు, గిన్నిస్ రికార్డు. మన లెక్కలో రెండెకరాల డెబ్బై ఐదు సెంట్లు. శనగ వేసుకోవచ్చు అందులో!

ఇంక పదకొండో ముక్క. బుడ్డోడా, అది నీదే. క్రోషా కొక్కెం ఇస్తే ప్రతి వరుసలో ఎక్కడపడితే అక్కడ కుట్లు పెంచుకుంటూ పోయినావు. చదరం రావాల్సింది కోడిజుట్టు పువ్వు మాదిరి ముడతలు ముడతలుగా లేచింది. అందరూ నవ్వినారు. నేను విప్పనీలేదు, ఎందుకో తెలుసా? 1997లో డైనా టైమినా అనే లెక్కల టీచరమ్మ, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో, సరిగ్గా ఇదే పని కావాలని చేసింది. ఒక లెక్క ప్రకారం కుట్లు పెంచుకుంటూ పోతే బట్టకు చోటు చాలక ముడతలు పడుతుంది. కాగితం మీద సరిగ్గా చూపించలేని ఒక రకం జ్యామితి అది, హైపర్బోలిక్ తలం అంటారు. అందులో ఒక గీతకు బయట ఉన్న చుక్కలోంచి ఆ గీతను తాకని గీతలు ఒకటి కాదు, ఎన్నైనా గీయొచ్చు. ఆమె అల్లికను చూసి పిల్లలు చేత్తో పట్టుకొని అర్థం చేసుకున్నారు. 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే అక్కాచెల్లెళ్లు అదే పద్ధతిలో సముద్రంలోని పగడపు దిబ్బలను అల్లడం మొదలుపెట్టినారు, తరవాత ఎన్నో దేశాల్లో వేలమంది అందులో చెయ్యి కలిపినారు. నువ్వు మాత్రం ఎక్కడపడితే అక్కడ పెంచినావు. ఈసారి ప్రతి ఆరో కుట్టుకు ఒకటి పెంచు, చూద్దాం ఏమవుతుందో. అది దుప్పట్లోకి పనికి రాదు, మా కిటికీలో పెట్టుకుంటా.

తొమ్మిది ముక్కల ఊలు విప్పి, తడిపి, మీ తాత కుర్చీకి, నా కుర్చీకి, వంటింటి స్టూలుకు చుట్టి ఆరేసినాను. పొద్దుటినుంచి మేము మంచం మీదే కూర్చొని అన్నం తింటున్నాము అనుకోండి. ఎవరి ఊలు ఏదో నాకు గుర్తు లేదు. ఎరుపు రెండున్నాయి, రెండింటికీ కొట్లాడుకోకుండా వచ్చే ఆదివారం పది గంటలకు వచ్చి మీరే తేల్చుకోండి. స్కేలు తెచ్చుకోండి. పోయినసారి తీసుకుపోయిన నా చిన్న కత్తెర ఎవరి దగ్గరుందో, అది కూడా.

మీ అవ్వ