ఆ కుక్కను చూసి నవ్వారట కదా!

చిట్టితల్లికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మనం ముగ్గురం చూసిన ‘ద హౌండ్ ఆఫ్ ద బాస్కర్‌విల్స్’ సినిమా కథ మీరు స్కూల్లో అందరికీ చెప్పారనీ, చివర్లో కుక్క వచ్చేసరికి క్లాసంతా పడీ పడీ నవ్విందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. “ఇంతసేపూ భయపెట్టి, చివరికి ఈ కుక్కేనా తాతయ్యా?” అని ఆ రాత్రే చిన్నోడు అడిగాడు. నిద్రమత్తులో “రేపు చెప్తాలేరా” అన్నాను. ఆ రేపు ఇప్పటికి వచ్చింది.

ముందే ఒప్పుకుంటున్నాను, ఆ కుక్క నాకూ నచ్చలేదు. అది గ్రేట్ డేన్ జాతి కుక్క. దాని మొహానికి ఒక మాస్కు తొడిగి భయంకరంగా కనిపించేలా చేద్దామనుకున్నారు. అది ఇంకా పెద్దగా కనపడాలని ఒక చిన్న సెట్టు కట్టి, హీరోల వేషాలు వేసిన పిల్లల్ని దాని పక్కన నిలబెట్టి కూడా తీసి చూశారట. తీరా చూస్తే నవ్వొచ్చిందట, పక్కన పడేశారు. అంటే మీ కంటే ముందు నవ్వింది వాళ్లే!

ఆ సినిమా తీసింది ఇంగ్లండులోని హామర్ కంపెనీ. 1957లో ఫ్రాంకెన్‌స్టైన్ కథతో, 1958లో డ్రాక్యులా కథతో వాళ్లు బాగా పేరు తెచ్చుకున్నారు. మన సినిమా 1959లో వచ్చింది. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ రంగుల్లో కనిపించిన మొదటి సినిమా అదే. చేతిలో డబ్బు తక్కువ, థేమ్స్ నది ఒడ్డున బ్రే అనే చోట ఒక పాత బంగళాయే వాళ్ల స్టూడియో. డ్రాక్యులా కోసం కట్టిన సెట్లనే కాస్త అటూ ఇటూ మార్చి బాస్కర్‌విల్ వాళ్ల భవంతి చేశారు. పెళ్లి పందిరి గుంజలతోనే మర్నాడు వేరే పందిరి వేసినట్టు. అంత పొదుపుగా తీశారని చూస్తున్నప్పుడు మీకు అనిపించిందా? ఫొటోగ్రఫీ చేసిన జాక్ ఆషర్ ఆ పాడుబడ్డ మఠం శిథిలాల మీద ఆకుపచ్చ, నీలం వెలుగులు పోసిన తీరు నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ సినిమాకు ఆధారమైన నవలను ఆర్థర్ కానన్ డాయల్ 1901 ఆగస్టు నుంచి 1902 ఏప్రిల్ దాకా ‘స్ట్రాండ్’ పత్రికలో సీరియల్‌గా రాశాడు. అందులో సర్ చార్లెస్ అనే పెద్దాయన చనిపోతాడు కదా, ఎలా చనిపోయాడో గుర్తుందా? కుక్క కరిచి కాదు. ఆయన ఒంటి మీద గాయమే లేదు. భయంతో పరిగెత్తి పరిగెత్తి, గుండె ఆగిపోయింది. ఆయనకు ముందే గుండెజబ్బు ఉంది. పైగా, తమ వంశాన్ని ఒక దెయ్యపు కుక్క వెంటాడుతోందనే కథను ఆయన మనసారా నమ్మాడు. హంతకుడికి ఈ రెండూ తెలుసు. అంటే కుక్క కేవలం ఆ భయాన్ని మోసుకొచ్చేది, చంపింది ఆ పాత కథ. మీరు ఆ కథ వింటూ పెరగలేదు కాబట్టి నవ్వారు. కొరివిదెయ్యం మాటలు వింటూ పెరిగిన మా నాయనమ్మ అయితే, పొలం గట్టు మీద అలాంటి వెలుగు ఒకటి కనబడితే ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూసేది కాదు.

నవలలో ఆ కుక్క మూతి చుట్టూ నీలిమంటలా ఏదో వెలుగుతుంటుంది. హోమ్స్ స్నేహితుడు డాక్టర్ వాట్సన్ చేత్తో తాకితే ఆయన వేళ్లు కూడా చీకట్లో మెరుస్తాయి. అదంతా భాస్వరం పూత అని తేలుతుంది. (చిట్టితల్లీ, నువ్వు కెమిస్ట్రీ అడుగుతావని తెలుసు. తెల్ల భాస్వరం గాలి తగిలితే చాలు మండుతుంది, విషం కూడా. నిజంగా పూస్తే పాపం కుక్క బతకదు. డాయల్ స్వయంగా డాక్టరే, కానీ కథ కోసం ఆ మాట పట్టించుకోలేదు.)

నవలలో ఆ పాత శాపం కథను ఒక డాక్టరు కాగితం చూసి హోమ్స్‌కు చదివి వినిపిస్తాడు, అంతే. సినిమా దర్శకుడు టెరెన్స్ ఫిషర్ ఏం చేశాడు? ఆ కథను మొదటే మన కళ్ల ముందు జరిపించేశాడు. ఆ వంశపు పూర్వీకుడు, దుర్మార్గుడు హ్యూగో, పారిపోయే అమ్మాయి, పాడుబడ్డ మఠం, ఎక్కడి నుంచో కుక్క ఊళ. అక్కడ మనకు కుక్క కంటే హ్యూగో మొహమే గుర్తుండిపోతుంది. సర్ చార్లెస్ బుర్రలో ఏళ్ల తరబడి ఎక్కిన భయాన్ని మనకు పది నిమిషాల్లో ఎక్కించాలని చూశాడన్నమాట. మీరు అప్పుడు దుప్పటి ముక్కు దాకా లాక్కున్నారు, నేను చూశాను. తర్వాత గంటకు పైగా ఆ భయాన్ని హోమ్స్ ఒక్కో ఆధారంతో విప్పుతూ పోతాడు కాబట్టి, కుక్క వచ్చేసరికి మీకు నవ్వొచ్చింది.

ఆ ఆధారాల్లో నాకు బాగా ఇష్టమైంది బూటు. నవలలో సర్ చార్లెస్ వారసుడు సర్ హెన్రీ హోటల్ గది బయట పెట్టిన కొత్త బూటు ఒకటి పోతుంది. తర్వాత పాత బూటు ఒకటి పోతుంది, కొత్తదేమో మళ్లీ దొరుకుతుంది! ఎవడికి కావాలి ఒంటి బూటు? కొత్తదానికి మనిషి వాసన ఉండదు, కుక్కకు వాసన పట్టించాలంటే తొడిగి తొడిగి అరిగిందే కావాలి. ఇంత చక్కటి ముడి సినిమా చూసినవాళ్లకు పెద్దగా గుర్తుండదు, ఎందుకంటే బూటులోంచి అంత పెద్ద సాలెపురుగు బయటికి వస్తుంది. నవలలో ఆ పురుగే లేదు. సర్ హెన్రీ వేషం వేసిన క్రిస్టఫర్ లీకి సాలెపురుగులంటే నిజంగానే వణుకట, ఆ మొహం నటన కాదన్నమాట.

ఇంకో మార్పు నాకు మింగుడుపడలేదు. నవలలో హంతకుడు స్టేపుల్టన్ తన భార్యను చెల్లెలని చెప్పుకుంటాడు, ఆవిడ అతని చేతిలో నలిగిపోయే మనిషి. సినిమాలో ఆవిడ బదులు కూతురొకతె వచ్చి, పగతో రగిలిపోయి, చివరికి బురదలో మునిగిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంది కానీ, నవలలోని ఆ జాలి పోయింది.

హోమ్స్‌గా పీటర్ కుషింగ్ మాత్రం నాకు తిరుగులేదు. ఆయన స్వయంగా డాయల్ కథలకు వీరాభిమాని. 1968లో బీబీసీ టీవీలో మళ్లీ హోమ్స్ అయ్యాడు, ఈ కథనే మళ్లీ చేశాడు. వాట్సన్‌గా ఆండ్రే మొరెల్ కూడా తెలివైన డాక్టరులా ఉన్నాడు, జోకరులా కాదు.

అన్నట్టు, ఈ నవల నీడ మన దేశం మీదా పడింది. 1962లో హిందీలో వచ్చిన ‘బీస్ సాల్ బాద్’ దీని ఆధారంగా అల్లుకున్నదే. అందులో హీరోయిన్ వహీదా రెహమాన్. ‘రోజులు మారాయి’ సినిమాలో “ఏరువాక సాగారో” పాటకు డాన్సు చేసింది ఆవిడే, మీ అమ్మమ్మనడగండి, పాట మొత్తం పాడుతుంది.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు నవల చదువుకుందాం. మొదటి బూటు పోయిన చోట నేను ఆపేస్తాను, దొంగ ఎందుకు తీసుకెళ్లి ఉంటాడో మీ ఫ్రెండ్స్‌ని అడగండి. వాళ్లకు సాలెపురుగు సంగతి మాత్రం చెప్పకండి.

ప్రేమతో,
మీ తాతయ్య