గొట్టంలోని మట్టి, గుట్ట మీది ఎట్రుస్కన్ ఊరు

రోముకు వాయవ్యంగా సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, వాగులు కోసిన లోయల నడుమ నిలిచిన చదునైన గుట్ట మీద ప్రాచీన ఇటలీ ప్రజలైన ఎట్రుస్కన్ల నగరం వెయీ ఉండేది. దాదాపు 190 హెక్టార్లు విస్తరించిన ఆ నగరాన్ని క్రీ.పూ. 396లో రోమన్లు జయించారు. ఎట్రుస్కన్లు సమాధులను రాతిలో తొలిచారు గనుక చెర్వెతెరి, తర్క్వీనియా అనే వారి ఇతర ఊళ్ళలో అవి నేటికీ నిలిచి ఉన్నాయి. ఇళ్ళకు మాత్రం రాతి పునాదుల మీద మట్టితో, కర్రతో గోడలు లేపి పెంకులు కప్పేవారు. కప్పు కూలాక గోడలు వానలకు కరిగి మట్టిలో కలిసిపోయాయి. ఇంత పెద్ద గుట్టను మొత్తంగా తవ్వడం తరాల తరబడి సాగే పని. పైగా ఒకసారి తవ్విన పొర మళ్ళీ దొరకదు. ఇటువంటి చోట ఎక్కడ తవ్వాలో ముందుగా తెలుసుకోవడానికి మట్టి కోరింగ్, అంటే గొట్టంతో నేల పొరల నమూనా తీయడం, పనికొస్తుంది.

పరికరం చాలా సాదా. ఒక పక్క తెరిచి ఉన్న, రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పు గల ఉక్కు గొట్టాన్ని నేలలోకి దిగగొట్టి, మెలితిప్పి పైకి లాగుతారు. గుట్టను గడులుగా విభజించి, నిర్ణీత దూరానికొక రంధ్రం చొప్పున వేసుకుంటూ పోతారు. గొట్టంలో పైన నాగలి కలియబెట్టిన మట్టి, దాని కింద ఎర్రటి, నల్లటి చుక్కలున్న పొర కనిపించవచ్చు. నల్లచుక్కను వేలితో నలిపితే మసి అంటుకుంటే అది బొగ్గు. ఎర్రచుక్క గరగరలాడుతూ పొడి అయితే కాలిన మట్టో, పెంకు ముక్కో. అడుగున గొట్టం ఆగిన చోట టఫ్, అంటే అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన రాయి.

నా దృష్టిలో పొరల రంగుల కన్నా ఈ ఆగిన లోతే విలువైన సమాచారం. టఫ్ పనిముట్లకు సులువుగా లొంగుతుంది. ఎట్రుస్కన్లు అందులో పునాదులు, నీటి తొట్లు, కాలువలు తొలిచారు. వరుసగా నాలుగు రంధ్రాల్లో నలభై సెంటీమీటర్లకే రాయి తగిలి, ఐదోదానిలో రెండు మీటర్లు దిగినా తగలకపోతే, అక్కడ మనిషి చెయ్యి పడిందని అనుమానించవచ్చు. విడి బండరాయి కూడా గొట్టాన్ని ఆపగలదు గనుక, ఒక అడుగు దూరంలో మరో రంధ్రం వేసి చూసుకోవడం తప్పనిసరి.

కాల నిర్ణయం మరింత చిక్కు. బొగ్గును, మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వయసు కట్టే రేడియోకార్బన్ పరీక్షకు పంపినా, క్రీ.పూ. 800 నుంచి 400 వరకు ఆ పద్ధతి లెక్కరేఖ దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, అంటే ఆ నాలుగు వందల ఏళ్ళలో బొగ్గు ఏ కాలానిదో విడదీసి చెప్పడం కష్టం. ఎట్రుస్కన్ల మంచి రోజులు చాలావరకు ఆ కాలంలోనే గడిచాయి. అందువల్ల బుక్కెరో అనే నిగనిగలాడే నల్లటి కుండపెంకు గోరంత దొరికినా చాలాసార్లు అదే నమ్మదగిన సాక్ష్యం.

గుట్ట అంచుల్లో రంధ్రాలు ఖాళీగా వస్తే అక్కడ ఇళ్ళు లేవని తేల్చేయకూడదు. శతాబ్దాల దున్నకంతో, వానలతో అక్కడి మట్టి జారిపోయి ఉండవచ్చు. అందుకే వాలు అడుగున కూడా రంధ్రాలు వేస్తారు: అక్కడ మందంగా పేరుకున్న మట్టిలో పెంకులు, బొగ్గు కలిసి వస్తే, అవి పై నుంచి కొట్టుకొచ్చినవో కావో చూశాకే పటంలో ఆ అంచు గడులను నింపుతారు.