ఇనుప ఓడలో ఉత్తరం ఎటు?

విజయవాడ,
ఆదివారం రాత్రి

చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ప్రకాశం బ్యారేజీ మీద బుజ్జిగాడు ఫోన్‌లో దిక్సూచి తెరిచాడు కదా. ఇనుప కమ్మీల దగ్గరికి వెళ్లేసరికి ముల్లుకు పిచ్చెక్కింది. “మరి నీ ఓడంతా ఇనుమేగా తాతయ్యా?” అంది చిన్ని. బజ్జీల హడావుడిలో అప్పటికి తప్పించుకున్నాను.

ఓడలో మాకు దారి చూపించింది బొంగరమే. జైరో కంపాస్ అంటారు, మేం ‘జైరో’ అనేవాళ్లం. కరెంటుతో నిమిషానికి వేల చుట్లు తిరిగే బరువైన చక్రం. జోరు మీదున్న బొంగరం ఒరగదు చూడండి, దీని ఇరుసూ అంతే, పట్టిన దిక్కు వదలదు. కానీ కింద భూమి గంటకు 15 డిగ్రీలు తిరిగిపోతోంది. అందుకని తూర్పుకు చూస్తున్న ఇరుసు కొన, పొద్దున్నే సూర్యుడు లేచినట్టు, మెల్లగా పైకి లేస్తుంది.

కిటుకంతా ఇక్కడే ఉంది. అడుగున బరువు పెడతారు. కొన లేవగానే ఆ బరువు కిందికి లాగుతుంది. తిరిగే చక్రం మొండిఘటం, కిందికి లాగితే పక్కకు జరుగుతుంది! సైకిల్ ముందు చక్రం విప్పి, ఇరుసు రెండు చేతులా పట్టుకుని, ఎవరిచేతనైనా గట్టిగా తిప్పించి, ఒక పక్కకు వంచి చూడండి. చేతుల్లోంచి ఇంకో పక్కకు లాక్కుపోతుంది. జైరో కూడా అలాగే ఉత్తరం వైపు జరుగుతుంది, దాటిపోతుంది, వెనక్కి వస్తుంది. ఆ ఊపును నూనెతో అణిస్తే ఉత్తర దక్షిణాల గీత మీద కుదురుకుంటుంది. అయస్కాంతం ఉత్తరం కాదది, భూమి ఇరుసు చూపే అసలు ఉత్తరం.

జలాంతర్గామిలో మంచు కిందుగా ఉత్తర ధ్రువానికి వెళ్లాలని కలగన్న ఆన్‌షుట్జ్ అనే జర్మన్ 1904లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. తమాషా ఏమిటంటే, సరిగ్గా ధ్రువం దగ్గరే ఇది పనిచేయదు. తర్వాత అమెరికావాడు స్పెర్రీతో పేటెంటు గొడవ కోర్టుకెక్కితే, నిపుణుడిగా అభిప్రాయం చెప్పింది ఎవరనుకున్నారు? ఐన్‌స్టీన్!

ఒకసారి నడిసముద్రంలో అర్ధరాత్రి మా ఓడలో కరెంటు పోయింది. జైరో ఆగింది, అలారం మోగింది. కరెంటొచ్చాక అది మళ్లీ కుదురుకోవడానికి నాలుగైదు గంటలు పట్టింది. భలే టెన్షన్. తెల్లారేదాకా పైకప్పు మీది అయస్కాంతం దిక్సూచినే నమ్ముకున్నాం. ఓడ ఇనుము దాన్ని పక్కకు లాగకుండా చుట్టూ చిన్న అయస్కాంతాలు పెట్టి సరిచేస్తారు. ఎంత కొత్త ఓడైనా అది ఉండి తీరాలని రూలు.

వచ్చే ఆదివారం సైకిల్ చక్రం నేనే తెస్తాను. అమ్మకు ముందే చెప్పకండి.

మీ తాతయ్య