పట్వారీ పోయాక దస్త్రం ఎక్కడికి పోయింది?

2025 సెప్టెంబర్ 5న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హైదరాబాద్‌లో గ్రామ పాలనాధికారులకు నియామక పత్రాలు ఇచ్చారు. ఐదు వేలకు పైగా మందికి ఆ పత్రాలు అందాయి. వాళ్లలో చాలామంది పాత వీఆర్వోలు (గ్రామ రెవెన్యూ అధికారులు), వీఆర్‌ఏలే (వాళ్ల సహాయకులు). దాంతో నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సద్దుమణిగిన తగువు మళ్లీ లేచింది. లంచాల మనుషులనే తిరిగి ఊరి మీదికి తోలారని బీఆర్ఎస్ అంటోంది. ఊరికి రెవెన్యూ మనిషే లేకుండా చేసి రైతును మండలాఫీసు చుట్టూ తిప్పింది మీరేనని కాంగ్రెస్ అంటోంది.

దొరల గడీలు, సాయుధ పోరాటం, పోచంపల్లి భూదానం ఇక్కడి పాఠకులకు తెలిసినవే. ఈ తగువు అర్థం కావాలంటే చూడాల్సిన తేదీ వేరు: 1984 జనవరి 6. ఎన్టీ రామారావు గద్దెనెక్కి ఏడాది నిండడానికి ఇంకా మూడు రోజులుంది. ఆ రోజు తెచ్చిన ఆర్డినెన్స్‌తో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది.

అప్పటిదాకా ఊరంటే ఆ ముగ్గురే. మాలీ పటేల్ శిస్తు వసూలు చేసేవాడు. పోలీస్ పటేల్ మాటే ఠాణాకు చేరేది. పట్వారీ దగ్గర భూముల లెక్క, అంటే దస్త్రం ఉండేది. కొలువులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. సర్కారు మారినా, నిజాం పోయి నెహ్రూ వచ్చినా, దస్త్రం కట్టిన బస్తా అదే ఇంటి అటక మీద ఉండేది. ఊరి భూముల వివరాలు ఏటా రాసే పహాణీలో పట్టాదారు కాలమ్ ఒకటి, అనుభవదారు కాలమ్ ఒకటి. పట్టా ఎవరిదైనా, మోక మీద, అంటే పొలంలో ఉండి దున్నుతున్నది ఎవరో చెప్పేది ఆ రెండో కాలమ్మే. ఏటా అందులో ఎవరి పేరు ఎక్కాలన్నది పట్వారీ కలం తేల్చేది. ఓట్లప్పుడు ఊరు ఎటు నిలబడాలన్నదీ చాలాచోట్ల ఆ ఇళ్ల అరుగుల మీదే తేలేది. కాంగ్రెస్ పల్లెల్లో అన్నేళ్లు నిలిచింది ఆ అరుగుల బలంతోనే. కొత్తగా పుట్టిన తెలుగుదేశానికి ఊళ్లలో అలాంటి వేళ్లు లేవు. వేళ్లున్న చెట్టునే నరికేశారు ఎన్టీఆర్.

కొలువులు పోయినవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1985లో అక్కడా ఓడిపోయారు. అదే ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. వెనుకబడిన కులాల నుంచి కొత్త నాయకులు మండలాల్లో తలెత్తారు. ఆ మేలు కాదనలేనిది. 1989లో ఎన్టీఆర్ కల్వకుర్తిలో కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. అందుకు కారణాలు చాలా ఉన్నాయి గానీ, పట్వారీని తీసేసినందుకు ఊళ్లలో పేదవాళ్లు ఎన్టీఆర్‌ను తిట్టుకున్నది లేదు.

అయినా ఆ రోజు ఒక పని మిగిలిపోయింది. దస్త్రం పట్వారీ ఇంటి నుంచి ఊరి చావడికి రావాల్సింది. అది మండలాఫీసుకు పోయింది. చాలా ఊళ్లలో అక్కడికీ పూర్తిగా పోలేదు. పాత పట్వారీలు కొన్ని కట్టలు అప్పజెప్పి, కొన్ని దాచుకున్నారు. తర్వాత ఏళ్ల తరబడి విరాసత్ (వారసుల పేరు మీదికి భూమి మార్పు) కావాలన్నా, పాత పహాణీ నకలు కావాలన్నా మళ్లీ వాళ్ల గడపకే పోవాల్సి వచ్చింది. ఊరి లెక్క ఊరి ముందు చదవాలన్న పట్టింపు ప్రభుత్వాలకు లేకపోయింది. నా దృష్టిలో తర్వాతి నలభై ఏళ్ల గొడవంతా ఇక్కడే మొదలైంది.

ఈ తప్పు అంతకు ముందూ జరిగింది. పాలమూరు మనిషి బూర్గుల రామకృష్ణారావు రెవెన్యూ మంత్రిగా ఉన్నప్పుడు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదార్లకు హక్కు ఇచ్చిన చట్టం అది. దేశంలో ఆనాటికి అదో గొప్ప అడుగు. కానీ కౌలుదారు ఎవరో రాయాల్సింది మాత్రం పట్వారీయే. ఎందరో కౌలుదార్లు ఇష్టపూర్వకంగా భూమి వదులుకున్నట్టు కాగితాలు పుట్టుకొచ్చాయి. 1954-55 ఖాస్రా పహాణీలో పేరెక్కినవాడి మనవలు ఈ రోజుకీ ఆ నకలును పెట్టెలో భద్రంగా దాచుకుంటున్నారు. ఎక్కనివాడి మనవల దగ్గర చూపించడానికేమీ లేదు.

ఇక కేసీఆర్ కాలం. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2018 మేలో పెట్టుబడి సాయంగా రైతుబంధు వచ్చింది, ఎకరానికి పంటకు 4 వేలు. దస్త్రంలో పేరున్నవాడి చేతికి నేరుగా డబ్బు రావడం అదే మొదలు. పట్టాదారుకే ఇస్తామని, కౌలు రైతుకు ఇవ్వబోమని కేసీఆర్ దాపరికం లేకుండానే చెప్పారు. ఆ డిసెంబర్‌లో ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని 14 సీట్లలో 13 టీఆర్ఎస్‌వే. పట్వారీల తర్వాత ఊళ్లలో రెవెన్యూ పని చూసిన వీఆర్వోలను 2020 సెప్టెంబర్‌లో రద్దు చేశారు. అక్టోబర్ 29న భూ రికార్డుల పోర్టల్ ధరణి తెరిచారు. వీఆర్వోలు లంచాలు తిన్న మాట నిజమే, జనం ఆ రద్దుకు సంతోషించిన మాటా నిజమే. స్లాట్ పెట్టుకుంటే తహసీల్దారు ఆఫీసులో అదే రోజు రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ అయిపోవడం వివాదం లేని భూమికి మేలే చేసింది.

వివాదం ఉన్న భూమి సంగతే వేరు. ధరణిలో అనుభవదారు కాలమ్ లేదు. దేవరకొండ, మునుగోడు, అచ్చంపేట, కల్వకుర్తి వైపు సాదాబైనామా లేని ఊరు అరుదు. కరువు ఏళ్లలో ఒకరు అమ్ముకుని బొంబాయికో పుణేకో వలస పోయారు, ఇంకొకరు పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాయించుకుని కొన్నారు. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేక ఊరుకున్నారు. పహాణీలో అనుభవదారుగా పేరుంది కదా అన్నదే కొన్నవాడి ధైర్యం. ధరణి వచ్చి ఆ ధైర్యాన్ని తీసేసింది. భూమి మీద చెమటోడ్చేవాడు ఒకడైతే రైతుబంధు ఇంకొకడి ఖాతాలో పడింది. హైదరాబాద్ ధరలు డిండి దాకా పాకాక, తాత అమ్మేసిన భూమి ఇంకా తాత పేరునే ఉందని మనవలు తెలుసుకుని రెండోసారి అమ్ముకున్నారు. దున్నుతున్నవాడు మండలాఫీసుకు పోతే, మా చేతిలో ఏమీ లేదు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. సాక్ష్యం చెప్పడానికి ఊళ్లో రెవెన్యూ మనిషి లేడు. సర్వే నంబరులో కొంత సర్కారు భూమి ఉంటే మొత్తం నంబరే నిషేధిత జాబితాలో పడిపోయింది. పట్వారీ తప్పు రాస్తే కనీసం పోయి అడగడానికి ఒక ఇల్లుండేది.

2023 డిసెంబర్‌లో ఉమ్మడి నల్లగొండలో 12కు 11, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14కు 12 సీట్లు కాంగ్రెస్‌కు వచ్చాయి. అందులో ధరణి వాటా ఎంతో తూచి చెప్పలేం గానీ, ప్రచారంలో భూమి మాట వినిపించని ఊరు లేదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలైంది. ముందుగా పెట్టిన నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి, అది ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గంలోనిదే. కొత్త చట్టంలో ఆర్డీవో, కలెక్టర్ల దగ్గర అప్పీలు చేసుకునే దారి ఉంది. పాత సాదాబైనామా దరఖాస్తులు తేల్చే వీలూ ఉంది. ఇవి చిన్న విషయాలు కావు. జూన్‌లో పెట్టిన రెవెన్యూ సదస్సుల్లో దరఖాస్తులు లక్షల్లో వచ్చాయి.

ఇప్పుడు ఊళ్లోకి వచ్చిన గ్రామ పాలనాధికారి చేతికి దస్త్రం దిద్దే అధికారం ఇవ్వలేదు. పట్వారీ బెంగతో చూస్తే అది మంచిదే. అయితే మోక మీద ఎవరున్నారో ఏటా చూసి, రాసి, గ్రామసభలో చదివి వినిపించే బాధ్యతైనా అతనికి కచ్చితంగా అప్పజెప్పాలి. అది లేకపోతే పాత లంచాల భయం అలాగే ఉంటుంది, కొత్త మేలు మాత్రం రాదు. కౌలు రైతు విషయంలో రెండు పార్టీలకూ తేడా కనిపించడం లేదు. 2023లో రైతులతో పాటు కౌలు రైతులకూ ఏడాదికి ఎకరానికి 15 వేలు ఇస్తామని కాంగ్రెస్ చెప్పింది. రైతుబంధు స్థానంలో 2025 జనవరిలో మొదలైన రైతు భరోసా 12 వేలు, అదీ పట్టాదారుకే.