పిల్లలూ, ఈ ఆదివారం వంటింట్లోకి దూరండి

బుజ్జీ, చిట్టీ, ఎలా ఉన్నార్రా?

మొన్న ఫోన్లో మీ అమ్మ చెప్పింది, ఇద్దరూ కూర చూడగానే మూతి ముడుచుకుంటున్నారంట, బెండకాయ అయితే ఏరి మరీ కంచం అంచున పెడుతున్నారంట. తిట్టడానికి రాయట్లేదులే. మీ వయసులో నేను కాకరకాయ ముక్కలు నిక్కరు జేబులో దాచి దొడ్లో గేదెకి పెట్టేవాణ్ణి, అదీ తినలేదు, అది వేరే సంగతి.

నేను మొదటిసారి గరిటె పట్టింది ఎప్పుడో తెలుసా, 61 ఏళ్ళకి! మా ఇంట్లో మగపిల్లాడు వంటింటి గడప దాటితే "నీకేం పనిరా ఇక్కడ" అని తరిమేసేవాళ్ళు, అదెంత తప్పో ఇప్పుడు తెలుస్తోంది. మీ అమ్మమ్మకి కాలు విరిగి మంచం మీదున్నప్పుడు ఇక తప్పలేదు, తను అక్కణ్ణుంచి చెప్తుంటే నేను ఇక్కడ చేసేవాణ్ణి. బెండకాయలు ముందు కోసేసి తర్వాత కడిగా, ఇంకేముంది, బాణలి నిండా జిగురు! అమ్మమ్మ నొప్పి మర్చిపోయి నవ్వింది. ముందు కడగాలి, గుడ్డతో తడి లేకుండా తుడవాలి, అప్పుడు కొయ్యాలి, మూత పెట్టకుండా వేయించి ఉప్పు చివర్లో వెయ్యాలి, ఇదంతా నాకు మర్నాడు తెలిసింది. కానీ ఆ జిగురు కూరే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాన్రా, జన్మలో బెండకాయ ముట్టనివాణ్ణి. ఎందుకంటే అది నేను చేసింది. మీకూ అంతే అవుద్దని నా నమ్మకం.

అందుకని ఈ ఆదివారం పెసరట్టు వెయ్యండి. శనివారం రాత్రి ఒక కప్పు పొట్టు పెసలు, గుప్పెడు బియ్యం కడిగి నానబొయ్యడం చిట్టి పని. పొద్దున లేచి చూస్తే గింజలు ఉబ్బి ఉంటాయి, ఒకటి గోటితో నొక్కి చూడు, పుటుక్కున విడిపోతుంది. చిన్న అల్లం ముక్క, రెండు పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి మిక్సీ అమ్మ పడుతుంది. ఇడ్లీ పిండిలాగా రాత్రంతా పులవక్కర్లేదు, వెంటనే పొయ్యొచ్చు. పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్‌మనాలి, అప్పుడు బుజ్జి గరిటెడు పిండి మధ్యలో పోసి లోపల్నుంచి బయటికి గుండ్రంగా తిప్పాలి, నాన్న పక్కనే నిలబడాలి. మొదటి అట్టు ఎవరికైనా అతుక్కుంటుంది, రెండోది ఏదో దేశం మ్యాప్‌లా వస్తుంది, కంగారు పడకండి. 100 గ్రాముల పెసల్లో 22 గ్రాముల పైనే ప్రోటీన్ ఉంటుంది, బ్రెడ్డు ముక్క మీద జామ్ రాసుకుని బస్సెక్కడం కన్నా ఇది ఎంత నయమో మీరే ఆలోచించండి.

రాగులు కూడా అంతే, మా చిన్నప్పుడు బీదవాళ్ళ తిండి అని చిన్నచూపు చూసేవాళ్ళు, 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటే పాలల్లో 120 ఉంటుంది. ఈసారి రాగి జావ ఉండ కట్టకుండా కలపడం నేర్పిస్తా, ముందు చన్నీళ్ళల్లో కలుపుకోవాలి, అదే కిటుకు.

ఇంకో ఆట చెప్తా. చిప్స్ ప్యాకెట్ వెనక సోడియం ఎన్ని మిల్లీగ్రాములో రాస్తారు, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటొద్దంటారు, అంటే ఒక టీస్పూనే. లెక్క వేసి నాన్నకి చూపించండి. మన ఆవకాయ మీద కూడా వేస్తారేమో, అక్కడ నా దగ్గర జవాబు లేదు, తగ్గించుకుంటున్నా, మానలేకపోతున్నా.

మీ అమ్మానాన్నకి ఈ ముక్క చదివి వినిపించండి: పిండి నేల మీద పడితే అరవకండి, గంట ఎక్కువ పట్టినా "నేనే చేసేస్తా లే" అని గరిటె లాక్కోకండి, ఆ గంటసేపు ఫోన్ హాల్లో పెట్టండి. అల్లుడుగారు ఏమనుకోరులే.

జాగ్రత్తలు కూడా వినండి, పచ్చిమిర్చి పట్టుకున్న చెయ్యి సబ్బుతో కడుక్కునేదాకా కంటి దగ్గరికి పోకూడదు, కుక్కర్‌లో ఆవిరి మొత్తం పోయేదాకా మూత జోలికి వెళ్ళకూడదు, కత్తి బుజ్జికి మాత్రమే, అదీ అమ్మ పక్కనుంటేనే. చిట్టికి కొత్తిమీర తుంచే పని, బఠాణీలు ఒలిచే పని, ఒలుస్తూ సగం తినేసినా ఏమీ అనొద్దు, పచ్చి బఠాణీ కూడా కూరగాయే కదా.

శనివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తా, పెసలు నానబోశారా లేదా చిట్టే చెప్పాలి. అతుక్కుపోయిన మొదటి అట్టు ఫోటో కూడా పంపండి, అమ్మమ్మకి చూపించాలి.

మీ తాతయ్య