వెండి మిగిల్చిన నలుపు

ఫోటోగ్రఫీ అనే గ్రీకు మూలపు మాటకు కాంతితో రాయడం అని అర్థం. మనవాళ్లు దానినే ఛాయాగ్రహణం అన్నారు. ఛాయకు సంస్కృతంలో కాంతి అనే అర్థమూ ఉన్నప్పటికీ, తెలుగువారికి ముందుగా స్ఫురించేది నీడే. ఇటలీ ఛాయాగ్రాహకుడు విట్టోరియో స్టొరారో తన పనిని ఎప్పుడూ కాంతితో రాయడంగానే చెప్పుకుంటారు. అయితే ఆయనకు ఆస్కార్లు తెచ్చిన మూడు చిత్రాలను వరుసగా చూస్తే, మన మాటే ఆయనకు ఎక్కువగా నప్పుతుందని నాకు అనిపిస్తుంది.

స్టొరారో 1940 జూన్ 24న రోమ్‌లో జన్మించారు. తండ్రి ప్రొజెక్టర్ ఆపరేటర్. పదకొండో ఏట ఫోటోగ్రఫీ చదువు మొదలుపెట్టి, తరువాత రోమ్‌లోని జాతీయ సినిమా పాఠశాలలో శిక్షణ పొందారు. అదే నగరంలోని సాన్ లుయీజీ దేయ్ ఫ్రాంచేజీ చర్చిలో, 1600 ప్రాంతంలో చిత్రకారుడు కరవాజ్జో వేసిన, ఏసు శిష్యుడు మత్తయి చిత్రం తనపై గాఢమైన ముద్ర వేసిందని ఆయన చెబుతారు. పన్ను వసూలు చేసేవాళ్లు చీకటి గదిలో బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. గోడకు కిటికీ ఉంటుంది గానీ దానిలోంచి వెలుతురు రాదు. కుడివైపు నుంచి, చిత్రపు హద్దు అవతల నుంచి ఒక వెలుగుపట్టీ ఏటవాలుగా వచ్చి ముఖాల మీద పడుతుంది.

1970లో దర్శకుడు బెర్నార్దో బెర్టొలూచీతో మొదలైన సాహచర్యంలో ఆయన కాంతి రంగునే కథలో భాగం చేశారు. కాంతి నీలానికో నారింజకో ఎంత మొగ్గుతుందో చెప్పే కొలత రంగు ఉష్ణోగ్రత. పగటి వెలుగుకు అది సుమారు 5,600 కెల్విన్లు, స్టూడియో టంగ్‌స్టన్ దీపానిది 3,200. మన మెదడు ఈ తేడాను సర్దేసుకుంటుంది కాబట్టి రెండింటి కిందా తెల్ల కాగితం మనకు తెల్లగానే తోస్తుంది. ఫిల్ముకు ఆ సర్దుబాటు తెలియదు. ఒకదానికి కుదిర్చిన ఫిల్ము రెండోదాన్ని నీలంగానో నారింజగానో నమోదు చేస్తుంది. ఈ తేడాను ఫిల్టర్లతో చెరిపేయడం మామూలు పద్ధతి. స్టొరారో దానిని అలాగే ఉంచి వాడుకున్నారు.

ఫిలిప్పీన్స్ అడవుల్లో తీసిన, దర్శకుడు కపోలా వియత్నాం యుద్ధ చిత్రం 'అపోకలిప్స్ నౌ' (1979) ఆయనకు తొలి ఆస్కార్ తెచ్చింది. పచ్చని అడవి మీద సైన్యం వదిలే రంగురంగుల పొగలలో ప్రకృతికీ కృత్రిమ శక్తికీ మధ్య ఘర్షణను చూపాలన్నది ఆయన ఉద్దేశం. చివరి ఘట్టానికి నటుడు మార్లన్ బ్రాండో బాగా లావెక్కి వచ్చారు. అందువల్ల కూడా ఆ పాత్ర చీకటిలోనే ఉండిపోయింది. ముందుగా కనిపించేది తడిసిన గుండు అంచున మెరిసే ఒక గీత. ఆ తరువాత నీళ్లతో తలను తడుముకునే అరచేయి. ముఖం ఎప్పటికో గాని పూర్తిగా బయటపడదు.

రెండో ఆస్కార్ తెచ్చిన 'రెడ్స్' (1981)లో ఆయన నలుపును ప్రయోగశాలలోనే పట్టుకున్నారు. కలర్ ఫిల్ములో కాంతి తగిలిన వెండి లవణపు స్ఫటికాలను డెవలపర్ వెండిగా మారుస్తుంది, ఆ చర్యకు తోడుగా రంగు పుడుతుంది. తరువాత బ్లీచ్ ఆ వెండిని తిరిగి లవణంగా మారిస్తే, ఫిక్సర్ దానిని కడిగేస్తుంది. చివరకు మిగిలేది రంగు మాత్రమే. రోమ్ టెక్నికలర్ ప్రయోగశాలలో బ్లీచ్‌కూ ఫిక్సర్‌కూ మధ్య నలుపు-తెలుపు డెవలపర్ తొట్టి ఒకటి చేర్చారు. దానితో ప్రింటులో కొంత వెండి మళ్లీ నిలిచిపోతుంది. వెండి ఎక్కువగా ఉండేది నీడల్లోనే కనుక నలుపులు చిక్కబడి, రంగుల ఆర్భాటం తగ్గుతుంది. బ్లీచ్‌ను పూర్తిగా మానేసే పద్ధతిలో వెండి అంతా ఉండిపోతుంది; ఇక్కడ మాత్రం డెవలపర్ గాఢతను బట్టి ఎంత వెండి కావాలో అంతే ఉంచుకోవచ్చు. ప్రయోగశాల నిపుణుడు ఎర్నెస్టో నొవెల్లి పేరులోని అక్షరాలతో దీనికి ఈఎన్ఆర్ అనే పేరు వచ్చింది.

'ది లాస్ట్ ఎంపరర్' (1987) మూడో ఆస్కార్ తెచ్చింది. చైనా చివరి చక్రవర్తి పు యీ జీవితంలోని దశలకు ఆయన వర్ణపటం వరుసలో రంగులు కేటాయించారు: మణికట్టు కోసుకున్నప్పటి రక్తంతో ఎరుపు, చక్రవర్తి హోదాకు పసుపు, ఆంగ్ల గురువు రాకతో ఆకుపచ్చ. ఒక్కో రంగు దేహంపై ఒక్కో నిర్ణీత ప్రభావం చూపుతుందనే ఆయన నమ్మకాన్ని విజ్ఞానశాస్త్రంగా ఒప్పుకోవడం నాకు కష్టమే గానీ, సినిమాకు వ్యాకరణంగా అది చక్కగా పనిచేసింది.

'డిక్ ట్రేసీ' (1990)కి ఆస్కార్ నామినేషన్, 'ది షెల్టరింగ్ స్కై'కి బ్రిటిష్ సినిమా పురస్కారం బాఫ్టా, 2001లో అమెరికన్ ఛాయాగ్రాహకుల సంఘం పురస్కారం కూడా ఆయనకు దక్కాయి. అంతకుముందు 1998లో ఆయన వెడల్పు ఎత్తుకు రెట్టింపుగా ఉండే 2:1 చట్రాన్ని ప్రతిపాదించారు. 65 ఎంఎం ఫిల్ము నిష్పత్తి 2.20, హెచ్‌డీ టీవీది 1.78, వీటి సగటు దాదాపు 2. ఒక్కో ఫ్రేముకు ఫిల్ము అంచున ఉండే నాలుగు రంధ్రాల పొడవు బదులు మూడింటిదే వాడితే ఫిల్ములో పావు వంతు మిగులుతుందన్నది దానికి తోడైన లెక్క. అయితే తన పాత చిత్రాల డీవీడీలను కూడా ఇదే చట్రానికి కత్తిరించడం అభిమానులకు రుచించలేదు. వాళ్ల కోపం సబబేనని నా అభిప్రాయం.

2016లో వచ్చిన వుడీ ఆలెన్ 'కెఫే సొసైటీ' ఆయన తొలి డిజిటల్ చిత్రం. ఆ కెమెరాలో కడగవలసిన వెండీ లేదు, తొట్టీ లేదు. నలుపు ఎంత చిక్కగా ఉండాలో అంకెలతోనే తేల్చుకోవాలి.